ఆ జాబితాలో క్రికెట్ లేదు, గమనించారా?

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. నాకు 54 ఏళ్లు. మావారు బ్యాంకులో చేసి మొన్న డిసెంబరులో రిటైరయ్యారు. ఆయనకి క్రికెట్ పిచ్చి. మ్యాచ్ ఉంటే అన్నం కూడా గుర్తుండదు. ఇప్పుడది ముదిరి, ఇద్దరం కార్లో ఐదు రోజులు తిరిగొద్దామంటున్నారు. గుళ్లకైతే నేనూ సరే అనేదాన్ని. ఈయన రాసుకున్న జాబితా వేరు. మొదట ఇంకొల్లు దగ్గర నాగండ్ల. తర్వాత బెజవాడలో దండమూడి రాజగోపాలరావు ఇండోర్ స్టేడియం. అక్కణ్నించి హైదరాబాదు వెళ్లి లాల్ బహదూర్ స్టేడియం, గచ్చిబౌలిలో గోపీచంద్ అకాడమీ, చివరి రోజు సెంట్రల్ యూనివర్సిటీ క్యాంపస్. మా అమ్మాయి మూడేళ్లుగా అక్కడే పీహెచ్‌డీ చేస్తోంది. 27 ఏళ్లొచ్చినా ఏ సంబంధానికీ ఒప్పుకోదు. చిన్నప్పుడు దానికి బ్యాడ్మింటన్ పిచ్చి ఉండేది. రోజూ తెల్లవారుజామున ఐదింటికి వాళ్ల నాన్న స్కూటర్ మీద స్టేడియంలో దింపేవారు. ఇంటర్‌కి హాస్టల్లో చేర్చాక, చదువు పాడవుతుందని నేనే మాన్పించాను. రాకెట్లు కూడా ఎవరికో ఇచ్చేశాను. ఇప్పుడు రోజూ వాళ్ల నాన్నకే ఫోన్ చేస్తుంది, నాతో రెండు ముక్కలు మాట్లాడి పెట్టేస్తుంది. సరే, అది వేరే సంగతి. ఈయనకి బీపీ ఉంది. పెళ్లి కావాల్సిన పిల్లని పెట్టుకుని మొగుడూ పెళ్లాలు షికార్లేమిటని మా తోడికోడలు అప్పుడే దెప్పింది. నాకు ఒకటే టెన్షన్‌గా ఉంది. ఈ ప్రయాణం ఎలా మాన్పించాలో చెప్పండి.

జవాబు: అమ్మా, ప్రయాణం మాన్పించకండి. మీరడిగిన దానికి ఇదే నా జవాబు. బీపీ గురించి భయమైతే బయల్దేరే ముందు డాక్టరుకి చూపించండి. మాత్రల డబ్బా మీ చేతిసంచిలో పెట్టుకోండి. హైదరాబాదు దాకా ఒక డ్రైవర్ని మాట్లాడుకోండి. బెజవాడ నుంచి 270 కిలోమీటర్ల పైచిలుకు ఉంటుంది, అంత దూరం ఆయనొక్కరే నడపక్కర్లేదు. మధ్యలో సూర్యాపేటలో ఆగి భోంచేయండి. చీకటి పడకముందే ఊరు చేరండి. మీ తోడికోడలికి జవాబు చెప్పాల్సిన పని మీకు లేదు. పిల్ల పెళ్లి కాలేదని తల్లిదండ్రులు ఇల్లు కదలకూడదని ఎక్కడా రాసిలేదు. ఈ మాఘమాసం పెళ్లిళ్లలో ఎదురైన ప్రతివాళ్లూ 'మీ అమ్మాయికెప్పుడు?' అనే అడుగుతారు. మీరు ఇంట్లో కూర్చున్నా అడుగుతారు, హైదరాబాదు వెళ్లినా అడుగుతారు.

ఇక మీరు 'వేరే సంగతి' అని పక్కన పెట్టిన సంగతికి వస్తాను. మీ ఉత్తరంలో నాకు కనబడింది అదొక్కటే.

మీవారికి క్రికెట్ పిచ్చి అన్నారు. ఆయన రాసిన జాబితా మళ్లీ చూడండి. బెజవాడలో ఆగుతామంటున్నారు. 2002 నవంబరులో భారత్, వెస్టిండీస్ వన్డే జరిగిన ఇందిరాగాంధీ స్టేడియం ఆ ఊళ్లోనే ఉంది. క్రికెట్ కోసం ప్రాణం పెట్టే మనిషి దాన్ని వదిలేసి ఇండోర్ స్టేడియానికి వెళ్తానంటున్నారు. హైదరాబాదు వెళ్తూ అక్కడి ఉప్పల్ క్రికెట్ స్టేడియం పేరే ఎత్తలేదు. నాగండ్ల పుల్లెల గోపీచంద్ పుట్టిన ఊరు. 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టోర్నీ గెలిచాడే, ఆయన. ప్రకాశ్ పడుకోనె తర్వాత మన దేశం నుంచి పురుషుల సింగిల్స్‌లో అది గెలిచింది ఆయనొక్కడే. లాల్ బహదూర్ స్టేడియం కోచ్ ఆరిఫ్ గారి దగ్గర గోపీచంద్ ఆట నేర్చుకున్న చోటు. ఇల్లు తాకట్టు పెట్టి మరీ గోపీచంద్ నిలబెట్టిన అకాడమీ గచ్చిబౌలిలో ఉంది. అక్కణ్నించి మీ అమ్మాయి ఉండే క్యాంపస్ ఎంతో దూరం కాదు.

ఆ ఐదు చోట్లలో క్రికెట్ కోసం ఎంచుకున్నది ఒక్కటీ లేదమ్మా. ఆయన మీ అమ్మాయి దగ్గరికి వెళ్తున్నారు. ఆ పిల్ల ఆడిన ఆట వెంబడే వెళ్తున్నారు. బెజవాడ ఇండోర్ స్టేడియంలో ఆ పిల్ల ఎప్పుడైనా మ్యాచ్ ఆడిందేమో ఆయన్నడగండి. బహుశా తేదీతో సహా చెబుతారు.

ఆయన నేరుగా 'అమ్మాయిని చూసొద్దాం పద' అనొచ్చు కదా, ఇంత చుట్టుతిరుగుడు ఎందుకని మీకనిపించొచ్చు. అలా అంటే మీరేమంటారో ఆయనకి తెలుసు. 'పండక్కి అదే వస్తుందిగా' అంటారు. మూడేళ్లలో మీరు ఒక్కసారి ఆ హాస్టల్ గది చూశానని ఉత్తరంలో ఎక్కడా రాయలేదు. వెళ్లి ఉంటే రాసేవారే.

ఇలాంటి ఉత్తరాల్లో సాధారణంగా ఆడపిల్లకీ తండ్రికీ పడదు. మీ ఇంట్లో వాళ్లిద్దరూ బాగానే ఉన్నారు. తెగిపోయింది తల్లీ కూతుళ్ల మధ్య. ఎక్కడ తెగిందో కూడా మీరే రాశారు. 'నేనే మాన్పించాను' అన్నారు. ఆ 'నేనే' అన్న మాట ఇన్నేళ్లుగా మీ గుండెలో ఉంది కాబట్టే రాయకుండా ఉండలేకపోయారు.

ఆట మాన్పించడం తప్పా ఒప్పా అని నేను తీర్పు చెప్పను. మన గుంటూరు, బెజవాడల్లో పదో తరగతి దాటిన పిల్లలున్న ఇల్లు ఎలా ఉంటుందో నాకు తెలుసు. తెల్లారకముందే స్టడీ అవర్, వారం వారం పరీక్ష, గోడ మీద ర్యాంకుల పట్టిక, ఫీజు కట్టిన తండ్రి మొహం. ఎంసెట్‌లో ర్యాంకు రాకపోతే పిల్ల ఏమైపోతుందోనని ఏ తల్లికైనా భయమే. గోపీచంద్ ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష తప్పారు. చదువులో వెనకబడటం తన అదృష్టమని ఆయనే చెప్పుకున్నారు. ఆ మాట ఆయనకి చెల్లింది. పొద్దున్నే స్టేడియానికి వెళ్లిన పిల్లలందరికీ అలా కలిసిరాదని మీకూ తెలుసు, నాకూ తెలుసు. అందుకని మీరు భయపడ్డారు. భయపడినందుకు మిమ్మల్ని తప్పుపట్టను.

కానీ రాకెట్లు ఎందుకిచ్చేశారు?

అక్కడ మాత్రం మీది తప్పే. ఆట ఆగినా రాకెట్ అలమారలో ఉండనివ్వచ్చు. దసరాకో సంక్రాంతికో సెలవులకి వచ్చిన పిల్ల అలమార తెరిచి చూసుకునేది, ఆ జాలీ మీద వేళ్లు పెట్టి బిగువు చూసుకునేది. కావాలంటే సాయంత్రం వీధిలో నాలుగు దెబ్బలు కొట్టుకునేది. అది ఆ పిల్ల వస్తువు. పదహారేళ్ల పిల్లని ఒక్క మాట అడక్కుండా దాని వస్తువు ఇంకొకరి చేతిలో పెట్టారు. ఎవరికిచ్చారో కూడా మీకు గుర్తులేదు, 'ఎవరికో' అని రాశారు. ఆ పిల్లకి మాత్రం కచ్చితంగా గుర్తుంటుంది.

నా పెళ్లయిన ఏడాది మా అమ్మ నా బీఎస్సీ నోట్సులన్నీ పాత పేపర్లతో కలిపి తూకానికి వేసేసింది. నాకెందుకూ పనికిరాని కాగితాలే, ఆ సంగతి నాకూ తెలుసు. అయినా చాలా ఏళ్లపాటు పుట్టింటికి వెళ్లినప్పుడల్లా ఆ అటక వైపే నా చూపు పోయేది. అమ్మ ఒక్కసారి 'అడగాల్సిందే' అని ఉంటే అంతటితో మరిచిపోయేదాన్ని. ఆ మాట అనకుండానే ఆవిడ వెళ్లిపోయింది. అందుకే మీకింత గట్టిగా చెబుతున్నాను.

పెద్దవాళ్లు పిల్లల దగ్గర తప్పు ఒప్పుకుంటే గౌరవం పోతుందని మనకి ఎవరు నేర్పారో తెలియదు. నేనైతే నమ్మను. కన్నతల్లి వచ్చి 'నాది తప్పు' అంటే ఆ పిల్లకి దొరికే ధైర్యం ఏ డిగ్రీ ఇవ్వలేదు. అలా అనడం తల్లిగా మీ బాధ్యత అనే నేను అంటాను. వయసుతో పాటు అది మాఫీ అయిపోదు.

సంబంధాల మాట కూడా ఇందులోనే ఉంది. 'నీ మంచికే' అని చెప్పి ఒకసారి తనకిష్టమైనది తీసేసిన చేత్తోనే ఇప్పుడు మీరు ఫొటోలు, బయోడేటాలు పంపుతున్నారు. ఆ పిల్ల వాటిని తెరిచి చూడకపోవడంలో ఆశ్చర్యమేముంది? పెళ్లి వద్దంటోందో, మీరు తెచ్చిన సంబంధం వద్దంటోందో మీకింకా తెలియదు. అడిగి తెలుసుకునే చనువు ముందు మళ్లీ రావాలి. ఈ ప్రయాణంలో పెళ్లి ఊసు ఒక్కసారి కూడా ఎత్తకండి. ఆ ఐదు రోజులూ మ్యారేజ్ బ్యూరో వాళ్ల ఫోన్లు తీయొద్దు.

చెప్పాపెట్టకుండా వెళ్లి సర్‌ప్రైజ్ చేద్దామని మీవారు అనుకుంటున్నారేమో, వద్దనండి. తన చోటికి ఎవరు ఎప్పుడు రావాలో చెప్పే హక్కు ఆ పిల్లకి ఉంది. ముందుగా ఫోన్ చేసి అడగండి. ఆయన కాదు, మీరు చేయాలి. గోంగూర పచ్చడి తప్పకుండా పట్టుకెళ్లండి, హాస్టల్ తిండి తినే పిల్లకి అది కావాల్సిందే. కానీ సీసా చేతిలో పెట్టి, మాట్లాడాల్సింది మాట్లాడేశానని అనుకోకండి. కొత్త రాకెట్ కొనుక్కెళ్లాలని ఈపాటికి మీకనిపించే ఉంటుంది. కొనకండి. పాత బాకీ డబ్బుతో తీర్చినట్టుంటుంది. తనకి కావాలంటే తనే అడుగుతుంది, అప్పుడు ముగ్గురూ కలిసి షాపుకి వెళ్లండి.

ఆ క్యాంపస్ చాలా పెద్దది. యూనివర్సిటీ 1974లో వచ్చింది. లోపల చెరువులు, పెద్ద పెద్ద బండరాళ్లు ఉంటాయి. పుట్టగొడుగు ఆకారంలో ఒక రాయి ఉంది, దాన్ని మష్రూమ్ రాక్ అంటారు. తనని చూపించమనండి. మీవారిని ఏ చెట్టు కిందో టీ తాగుతూ కూర్చోమని చెప్పి, మీరిద్దరే నడవండి. నడుస్తూ ఉంటే మొహాలు చూసుకోనక్కర్లేదు, ఇలాంటి మాట నోరుదాటడం తేలికవుతుంది. 'నీ రాకెట్లు నిన్నడక్కుండా ఇచ్చేశాను. అది నా తప్పు' అనండి. అక్కడ ఆపేయండి. 'కానీ ఆ రోజుల్లో' అని కొనసాగించకండి. కన్నీళ్లు పెట్టుకుని ఆ పిల్ల చేత ఓదార్పించుకోకండి. తను కోప్పడితే వినండి. ఏమీ అనకపోతే ఆ చెరువు దాకా అలాగే నడవండి. ఇన్నేళ్ల సంగతి ఒక్క మధ్యాహ్నంలో తేలిపోదు.

మీవారితో కూడా ఒక మాట మిగిలి ఉంది. రాకెట్లు ఇచ్చేసిన రోజు ఆయన మిమ్మల్ని ఏమన్నారో మీరు రాయలేదు. ఏమీ అని ఉండరు. రోజూ ఐదింటికి లేచి స్కూటర్ తీసిన మనిషి, పిల్ల హాస్టల్‌కి వెళ్లాక ఆ వేళకి మెలకువ వస్తే ఏం చేసేవారో నాగండ్ల వెళ్లే దారిలో అడగండి.

ఇవాళే ఆయన ఫోన్ మోగగానే మీరు తీయండి. 'తిన్నావా' అనే మొదలుపెట్టండి, ఫర్వాలేదు, అది మీకు అలవాటైన మాట. తర్వాత 'నాన్నా నేనూ కార్లో వస్తున్నాం, నిన్ను చూడ్డానికి రావచ్చా?' అని అడగండి. రమ్మంటే సరే. వద్దంటే చివరి రోజు జాబితాలోంచి తీసేసి, మిగతా నాలుగు చోట్లకీ ఆయనతో వెళ్లండి. అకాడమీ నుంచి వెనక్కి బయల్దేరేటప్పుడు ఆ అమ్మాయికి మళ్లీ ఒకసారి ఫోన్ చేయండి.