టీబీ మందుల పరిశోధనకు ఏ ఎమ్మెస్సీ?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ మైక్రోబయాలజీ ఫైనలియర్. టీబీ బ్యాక్టీరియా పైపొరలోని ప్రోటీన్లపై పనిచేసే మందుల మీద రీసెర్చ్ చేస్తానంటోంది. ఏ పీజీలో చేర్చాలి? ఆ క్రిములతో పనంటే ప్రమాదం కాదా? - ఓ తల్లి, ఖమ్మం

జవాబు: ముందు మీ భయం సంగతి చూద్దాం. బతికున్న టీబీ బ్యాక్టీరియాను పెంచేది బీఎస్ఎల్-3 (ప్రమాదకర క్రిములు బయటికి పోకుండా కట్టుదిట్టంగా కట్టిన) ల్యాబుల్లోనే, అదీ శిక్షణ ఇచ్చాకే. కొత్తగా చేరినవాళ్ల చేతికి సాధారణంగా ఇచ్చేది దాని చుట్టం మైకోబ్యాక్టీరియం స్మెగ్మాటిస్. ఆరోగ్యవంతులకు దానితో జబ్బు రావడం చాలా అరుదు. అది మూడు నాలుగు గంటల్లో రెట్టింపవుతుంది. టీబీ బ్యాక్టీరియాకు దాదాపు రోజు పడుతుంది, ప్లేటు మీద కాలనీలు కనబడేసరికి మూడు నాలుగు వారాలు. అందుకే పీహెచ్‌డీ ఐదారేళ్లు సాగితే కంగారు పడకండి.

పైపొర మీద గురిపెట్టడం కొత్త కాదు. పాత టీబీ మందు ఐసోనియాజిడ్ ఇన్‌హెచ్‌ఏ అనే ఎంజైమును ఆపి, పైపొరలోని కొవ్వు పదార్థాలైన మైకోలిక్ ఆమ్లాల తయారీని దెబ్బతీస్తుంది. ఇప్పుడు ఎక్కువ పని జరుగుతున్నవాటిలో పైపొర తయారీకి కావాల్సిన డీపీఆర్‌ఈ1, ఎంఎంపీఎల్3 అనే ప్రోటీన్లు ముఖ్యమైనవి. మైకోలిక్ ఆమ్ల సరుకును లోపొర దాటించేది ఎంఎంపీఎల్3. పొరలో కూరుకుని ఉండే ప్రోటీన్ కాబట్టి ల్యాబుల్లో వాడే ఈ.కోలై బ్యాక్టీరియాలో తయారు చేయించినా తరచూ ముద్దకడుతుంది. పొర నుంచి బయటికి తీసే డిటర్జెంట్ (సబ్బులాంటి రసాయనం) సరిపడకపోతే ఆకారం చెడుతుంది. ఇంకో తిరకాసు: పొరకు అటూ ఇటూ ఉండే ప్రోటాన్ల తేడాను చెదరగొట్టే రసాయనాలు కూడా దీన్ని ఆపినట్టే కనిపిస్తాయి. అందుకే మందు గురి నిజంగా ఇదేనా అని తేల్చడానికి, ఆ ప్రోటీన్‌ను తగ్గించిన బ్యాక్టీరియా రకం (స్ట్రెయిన్) మందుకు మరింత తొందరగా లొంగుతోందా అని చూడాలి.

ఈ పనిలో ఎక్కువ భాగం ప్రోటీన్లను తీసి పరీక్షించడమే కాబట్టి మళ్లీ మైక్రోబయాలజీ కంటే బయోకెమిస్ట్రీ లేదా బయోటెక్నాలజీ మేలని నా అభిప్రాయం. ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్షలు గాట్-బి, ఐఐటీ జామ్ రెండూ రాయించండి. మందు అణువులను తయారు చేయాలనే ఆశ ఉంటే మాత్రం కెమిస్ట్రీ దారి పట్టాలి, అది వేరు.

ఎమ్మెస్సీ ప్రాజెక్టు దగ్గర జాగ్రత్త. కంప్యూటర్లో డాకింగ్ స్కోర్లు (మందు అణువు ప్రోటీన్‌కు ఎంత బాగా అతుక్కుంటుందనే అంచనా) చూపించి సర్టిఫికెట్ ఇచ్చేవాటికి డబ్బు కట్టొద్దు. ఒక్క ప్రోటీన్‌నైనా క్లోన్ చేసి, శుద్ధి చేసి, జెల్ మీద ఒకే బ్యాండ్ (శుద్ధి సరిగా జరిగిందనడానికి గుర్తు) తెప్పించి, దాని పనిని కొలిచిన అనుభవం ఇంటర్వ్యూలో నిలబెడుతుంది.

తర్వాత పీహెచ్‌డీ ఫెలోషిప్ కోసం రాసే సీఎస్ఐఆర్ నెట్ పరీక్ష. లైఫ్ సైన్సెస్ పార్ట్-సిలో 75 ప్రశ్నల్లో 25 రాస్తే చాలు, ఒక్కోదానికి 4 మార్కులు. తప్పుకు పావు వంతు కోత. జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000, ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలో)గా మారాక రూ.42,000. లక్నో సీడీఆర్ఐ (కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ), బెంగళూరు ఐఐఎస్సీ, చెన్నై ఎన్ఐఆర్‌టీ (జాతీయ క్షయ పరిశోధన సంస్థ)లను దృష్టిలో పెట్టుకోండి. చేరేముందు అక్కడి సీనియర్లను అడగమనండి: బీఎస్ఎల్-3 అదే క్యాంపస్‌లో ఉందా, అందులో పనిచేసే వంతు (స్లాటు) కోసం ఎన్నాళ్లు ఆగాలి?