ఓల్గా కట్టని ఊరు

ప్రశ్న: మా అక్క కూతురు బెలారస్‌లో, విటెబ్స్క్ అనే ఊళ్లో ఎంబీబీఎస్ చదువుతోంది. "974లో ఓల్గా రాణి కట్టించిన ఊరు పిన్నీ ఇది" అంటుంది ఫోన్లో. నిజమేనా? ఆ ఊరి గురించి కాస్త చెప్పండి.
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: మీ అమ్మాయి తప్పేం లేదండీ, ఆ ఊళ్లో అందరూ అదే చెప్తారు, ఊరి పుట్టినరోజు లెక్క కూడా 974 నుంచే. కాకపోతే కీవ్‌ను ఏలిన ఆ ఓల్గా 969లోనే చనిపోయింది! పోయిన ఐదేళ్లకి వచ్చి ఊరెలా కట్టిందో మరి. కొన్ని వందల ఏళ్ల తర్వాత ఎవరో రాసిపెట్టిన కథ అది. పాత రాతల్లో ఈ ఊరి పేరు కనిపించేది 1021 నాటి సంగతుల్లో. పేరు మాత్రం విట్బా నుంచి వచ్చింది, ఊళ్లోనే పశ్చిమ ద్వినాలో కలిసే చిన్న ఏరు.

అసలు ఆ ఊరి చరిత్రంతా నదుల్లోనే ఉంది. ద్వినా పడమరగా లాత్వియాలోకి పోయి రీగా దగ్గర సముద్రంలో కలుస్తుంది. దక్షిణంగా సుమారు 80 కిలోమీటర్ల దూరంలో, ఓర్షా దగ్గర ద్నీపర్ ఉంది, అది నల్ల సముద్రం వైపు పోతుంది. పూర్వం వర్తకులు ఒక నది నుంచి ఇంకో నదికి పడవల్ని నేల మీద లాక్కుపోయేవారు. ఊరికి డబ్బు అలా వచ్చింది, కష్టాలూ అటునుంచే వచ్చాయి, ఎందుకంటే పడమటి నుంచి మాస్కో మీదికి పోయే సైన్యానికి ఈ రెండు నదుల మధ్య ఉన్న నేలే అనువైన దారి. 1812 జూలై చివర్లో నెపోలియన్ వచ్చి రెండు వారాలు ఇక్కడే ఆగాడు. 1941 జూలైలో జర్మన్లు వచ్చారు, 1944 జూన్ 26న ఎర్రసైన్యం తిరిగి తీసుకునేసరికి ఊరు దాదాపు శిథిలాల గుట్ట. 12వ శతాబ్దపు చర్చి అని మీ అమ్మాయి ఫొటో పంపితే, అది 1990లలో మళ్లీ కట్టిందని గుర్తుపెట్టుకోండి. పాతదాన్ని యుద్ధం పూర్తిగా కూల్చలేదు, ఆ పని 1961లో సోవియట్ అధికారులే చేశారు.

చిత్రకారుడు మార్క్ షగాల్ పెరిగింది ఇక్కడే. 1897 లెక్కల్లో ఊరి జనంలో సగానికి పైగా యూదులే, ఆయనా వాళ్లలో ఒకడు, తండ్రి చేపల గోదాములో కూలీ. 1917 రష్యా విప్లవం తర్వాత సొంత ఊళ్లో ఆర్ట్ స్కూల్ పెట్టాడు. 1919లో మలేవిచ్ అనే చిత్రకారుడు, ఉత్త చతురస్రాల్లాంటి ఆకారాలతోనే బొమ్మలు వేసేవాడు, అక్కడ పాఠాలు చెప్పడానికి వచ్చాడు, పిల్లలంతా ఆయన చతురస్రాల వెనక పడ్డారు, షగాల్ అలిగి 1920లో ఊరే వదిలేశాడు. (పిలిచి పీట వేస్తే ఇల్లే నాదన్నట్టు!) బొమ్మల్లో మాత్రం చివరిదాకా ఆ చెక్క ఇళ్లే. ఆ ఇళ్లలో మిగిలిపోయిన యూదుల్ని జర్మన్లు 1941లో ఘెట్టోలో, అంటే యూదుల్ని విడిగా బంధించిన వాడలో పెట్టి, అక్టోబరులో చంపేశారు.

పక్రోవ్‌స్కాయా వీధిలో షగాల్ వాళ్ల ఎర్ర ఇటుకల ఇల్లు ఇప్పుడు మ్యూజియం, ఓ ఆదివారం చూసి రమ్మనండి. 1992 నుంచి ఏటా జూలైలో స్లావ్యాన్‌స్కీ బజార్ అని పెద్ద పాటల పండగ జరుగుతుంది, సెలవులకి ఇంటికి రాకపోతే అదీ చూడొచ్చు.