మాటలు లేని అన్నగారి ఇంటికి దేవుని కాపుదలను నమ్ముకొని వెళ్లవచ్చా?

ఆస్తి పంపకాల దగ్గర మాట పెరిగి ఏళ్ల తరబడి రాకపోకలు లేని అన్నగారి దగ్గరికి మీరే ముందుగా వెళ్లాలనుకుంటున్నారనీ, ఆయన కోపానికి భయపడుతున్నారనీ, అలా భయపడితే దేవుని కాపుదల మీద నమ్మకం లేనట్టేనా అనీ అడిగారు. మా నాన్నగారికీ చిన్నాన్నకూ పొలం గట్టు విషయంలో ఇలాగే మాటలు పోయినప్పుడు, పెద్ద కొడుకుగా నేను వెళ్లవలసి వచ్చింది కాబట్టి నాకు తెలిసినది చెబుతాను.

నమ్మకం ఉన్నవాడికి భయం ఉండకూడదన్న మాటను నేను ఒప్పుకోను. బైబిల్లోని ఆదికాండము 32వ అధ్యాయాన్ని ఒకసారి నిదానంగా చదవండి. అన్న ఏశావుకు దక్కవలసిన దీవెనను మోసంతో తీసుకొని పారిపోయి, మేనమామ లాబాను ఇంట 20 ఏళ్లు గడిపి తిరిగి వస్తున్న యాకోబుకు, ఆ అన్న 400 మందితో ఎదురువస్తున్నాడని కబురు అందింది. తిరిగి వెళ్లమన్నది దేవుడే అయినా అతడు మిక్కిలి భయపడ్డాడు. అన్న వచ్చి తల్లులనూ పిల్లలనూ చంపుతాడేమోనన్న ఆ భయాన్ని దాచుకోకుండా ప్రార్థనలోనే చెప్పుకున్నాడు. ప్రార్థనతోనే సరిపెట్టుకోలేదు, తనవాళ్లను రెండు గుంపులు కూడా చేశాడు. మేకలు, గొర్రెలు, ఒంటెలు, ఆవులు, గాడిదలు కలిపి 500కు పైగా పశువులను, మందకూ మందకూ మధ్య ఎడం ఉంచి, కానుకగా ముందు పంపాడు. ఈ ఏర్పాట్లన్నీ అవిశ్వాసమేనని కొందరు బోధించగా విన్నాను గానీ, నాకు అలా అనిపించదు. తీరా ఏశావు కనబడినప్పుడు భార్యాపిల్లలను వెనక ఉంచి తానే ముందు నడిచి, ఏడుమార్లు నేలకు వంగింది కూడా ఈ యాకోబే కదా.

మా విషయంలో ముందుగా కదిలింది మా మేనత్త. ఇద్దరికీ తోబుట్టువు కాబట్టి ఆమె మాటను ఎవరూ తీసిపారేయలేరు. పొలం గురించి మాట్లాడటానికి కాదు, చూసిపోవడానికే వస్తున్నానని ఆమె చేత కబురు పంపాను. పెళ్లిలోనో కృతజ్ఞత కూటంలోనో నలుగురిలో ఎదురుపడితే పరువు అడ్డం వస్తుందని, మామూలు రోజు చూసుకొని మధ్యాహ్నం వెళ్లాను. బయలుదేరే ముందు అమ్మ 121వ కీర్తన చదివి నా రాకపోకలను కాపాడమని ప్రార్థించింది. నేనైతే నా నోటికి కావలి ఉంచమని అడిగాను. వెళ్లేసరికి చిన్నాన్న వసారాలో కూర్చొని, దుగ్గిరాల మార్కెట్ యార్డుకు వేయబోయే పసుపు కొమ్ములు ఏరుతున్నారు. లేవలేదు, రమ్మనలేదు. చాటలోని కొమ్ముల వైపే చూస్తూ, నాన్నగారికి షుగర్ ఎలా ఉందని అడిగారు. పిన్ని మజ్జిగ తెచ్చింది. ఆ తర్వాత చిన్నాన్న నాన్నగారి మీద కొన్ని కఠినమైన మాటలే అన్నారు. జవాబు నోటి దాకా వచ్చినా నేను అనలేదు. కోపం త్వరగా వచ్చే నన్ను ఆ పూట అదుపులో ఉంచింది దేవుని కాపుదలేనని ఈనాటికీ నమ్ముతున్నాను.

పొలం సంగతి చాలా నెలల తర్వాత, కోర్టులో ఉన్న దావాను లోక్ అదాలత్‌లో పెట్టుకొని రాజీ చేసుకున్నాం. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం అక్కడి అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. మీకూ దావా నడుస్తుంటే ఆ దారి ఉంది, కానీ మొదటి రోజే కాగితాలు పట్టుకొని వెళ్లవద్దు.

అన్నగారితో మళ్లీ ఒకే ఇంటివాళ్లలా కలిసిపోతారని కూడా ఆశపెట్టుకోకండి. ఏశావు పరుగెత్తి వచ్చి కౌగిలించుకొని, ఇద్దరూ ఏడ్చిన తర్వాత కూడా, కలిసి వెళదామంటే యాకోబు మెత్తగా తప్పుకున్నాడు. ఏశావు శేయీరుకు, యాకోబు సుక్కోతుకు వెళ్లారు. అయినా తండ్రి ఇస్సాకును ఇద్దరూ కలిసే పాతిపెట్టారు. మా నాన్నగారూ చిన్నాన్నా ఇప్పటికీ కూర్చొని కబుర్లు చెప్పుకోరు గానీ, ఒకరికి ఒంట్లో బాగా లేదంటే రెండోవారు చూడటానికి వస్తారు. నాకు అదే గొప్ప మేలు.

మీ అన్నగారు గతంలో చేయి చేసుకున్నవారైతే మాత్రం ఒంటరిగా వెళ్లవద్దు. ఆయన గౌరవించే పెద్దమనిషిని వెంటబెట్టుకొని, పిల్లలను ఇంట్లో ఉంచి, పగటిపూటే వెళ్లండి. పంపిన కబురుకు ఆయన ఒప్పుకోకపోతే గడప దాకా వెళ్లి పట్టుబట్టకుండా, ప్రార్థన మానకుండా, క్రిస్మస్‌కు ముందు మరొకసారి కబురు పంపి చూడండి.