డాబా మీద పడవ కడతానంటున్న అబ్బాయికి ఏ కోర్సు?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. మార్కులు బాగానే వస్తాయి కానీ కొన్నాళ్లుగా ధ్యాసంతా పడవ మీదే. రెండు సన్నటి పడవలను అడ్డదూలాలతో కలిపి తెరచాప కట్టే కాటమరాన్‌ను ప్లైవుడ్‌తో మా డాబా మీదే చేస్తాడట. 14 అడుగులు. ప్లాన్ కూడా కొనేశాడు. కంప్యూటర్ సైన్స్ అంటే ముఖం తిప్పుకుంటున్నాడు. ఎవరో జేమ్స్ వారమ్ డిగ్రీ లేకుండానే పడవ కట్టి సముద్రాలు దాటాడని మాకే పాఠాలు చెబుతున్నాడు. ఈ పనికి భవిష్యత్తు ఉందా? ఇప్పుడే ఆపించమంటారా? – ఒక తండ్రి, కాకినాడ

జవాబు: ఆపించకండి. కాకపోతే పరీక్షలన్నీ అయ్యేదాకా ఒక్క ప్లైవుడ్ షీటు కూడా ఇంట్లోకి రానివ్వకండి. ఈలోగా అట్టముక్కలతో పదో వంతు సైజులో నమూనా చేసుకోమనండి. ఖర్చుండదు, చదువూ చెడదు.

ఆ పడవలో లెక్క, చేతిపని అని రెండు వేర్వేరు ఉద్యోగాలున్నాయి. మీవాడి మనసు ఏ వైపు ఉందో మీకు తెలియదు, బహుశా తనకీ ఇంకా తెలియదు. వేసవిలో పని మొదలయ్యాక, ఏ పని దగ్గర టైమ్ మర్చిపోతున్నాడో కాస్త దూరం నుంచి గమనించండి. కోర్సు ఎంపికకు అంతకన్నా మంచి పరీక్ష నాకు తెలియదు.

లెక్క అంటే ఏమిటో చెబుతాను. పడవ, ఇద్దరు మనుషులు కలిపి 210 కిలోలు అనుకుందాం. రెండు పొట్టలు, అంటే ఆ రెండు సన్నటి పడవలు, సమానంగా మోస్తే ఒక్కోదాని వాటా 105 కిలోలు. అంటే మంచినీటిలో ఒక్కో పొట్ట 105 లీటర్ల నీటిని పక్కకు నెట్టేంత లోతు మునగాలి. ఉప్పునీరు బరువు ఎక్కువ కాబట్టి సముద్రంలో 102 లీటర్లు చాలు. ఆ లోతెంతో ముందే లెక్కగట్టి, పొట్ట పక్కన పెయింటుతో గీత గీయమనండి. నీళ్లలోకి దించాక ఆ గీత తేలిందా, మునిగిందా, ఎంత తేడా వచ్చింది, ఎందుకు వచ్చింది? ఈ ప్రశ్నలు రాత్రి నిద్ర పట్టనివ్వకపోతే అతను నేవల్ ఆర్కిటెక్ట్, అంటే ఓడలు డిజైన్ చేసే ఇంజినీరు, కావాల్సినవాడే. గాలి ఎంత తోస్తే ఒక పొట్ట పైకి లేస్తుందన్నది కూడా ఇంటర్ ఫిజిక్స్‌లోని టార్క్ లెక్కే. రెండు పొట్టల మధ్య దూరం రెండు మీటర్లయితే, మొత్తం బరువును ఒక మీటరుతో గుణించాలి. తెరచాప మీది గాలి టార్క్ ఆ సంఖ్యను దాటితే పడవ బోల్తా.

ఈ వైపు వెళ్లాలంటే బీటెక్‌లో నేవల్ ఆర్కిటెక్చర్ చదవాలి. జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో ర్యాంకు వస్తే ఐఐటీ ఖరగ్‌పూర్, ఐఐటీ మద్రాస్. మీకు దగ్గర్లో విశాఖలోనే రెండు దారులున్నాయి. ఆంధ్రా యూనివర్సిటీలో ఈఏపీసెట్ ద్వారా, ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ క్యాంపస్‌లో ఐఎంయూ సెట్ ద్వారా చేరొచ్చు. కొచ్చిలోని కుసాట్‌కు (కొచ్చిన్ సైన్స్ అండ్ టెక్నాలజీ యూనివర్సిటీ) వేరే ప్రవేశ పరీక్ష ఉంటుంది. వీటి దరఖాస్తు తేదీలు ఈఏపీసెట్ హడావిడిలో ఇట్టే దాటిపోతాయి, కాబట్టి ఆ బాధ్యత మీరు తీసుకోండి.

చాలామంది తల్లిదండ్రులు మెరైన్ ఇంజినీరింగ్‌నూ దీన్నీ ఒకటే అనుకుంటారు. మెరైన్ ఇంజినీరు ఓడతో పాటు వెళ్లి ఇంజిన్లు చూసుకుంటాడు. దానికి కంటిచూపు దగ్గర్నుంచి మెడికల్ ఫిట్‌నెస్ నిబంధనలు గట్టిగా ఉంటాయి. నేవల్ ఆర్కిటెక్ట్ ఒడ్డున ఉండి ఓడను డిజైన్ చేస్తాడు. ‘మెరైన్‌లో సీటు, వెంటనే లక్షల జీతం’ అంటూ ఏజెంటు ఫోన్ చేస్తే, ఆ కాలేజీకి కేంద్ర ప్రభుత్వ నౌకాయాన విభాగమైన డీజీ షిప్పింగ్ అనుమతి ఉందో లేదో చూడనిదే రూపాయి కట్టకండి.

ఉద్యోగాల సంగతి దాచడం ఎందుకు? సాఫ్ట్‌వేర్‌తో పోలిస్తే అవకాశాలు తక్కువ, మొదటి జీతం కూడా అంత గొప్పగా ఉండదు. విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డ్, కొచ్చిన్ షిప్‌యార్డ్, ముంబై మజ్‌గావ్ డాక్, కోల్‌కతా గార్డెన్ రీచ్, ఓడల నాణ్యతను ధ్రువీకరించే ఇండియన్ రిజిస్టర్ ఆఫ్ షిప్పింగ్, నౌకాదళంలో నేవల్ కన్‌స్ట్రక్టర్ ఆఫీసర్ పోస్టులు, ప్రైవేటు డిజైన్ ఆఫీసులు... ఇల్లు వదిలి వెళ్లడానికి సిద్ధపడాలి. పరిశోధన ఇష్టమైతే విశాఖలోని డీఆర్‌డీవో ప్రయోగశాల ఎన్‌ఎస్‌టీఎల్‌లో 500 మీటర్ల పొడవైన నీటి తొట్టి ఉంది. ఓడల నమూనాలను లాగి పరీక్షించేది అక్కడే. మీవాడు అట్టతో చేసే నమూనా ఆ పనికి ఓనమాలు. ఇక కంప్యూటర్ సైన్స్ కోసం పంతం పట్టకండి. ఓడల డిజైన్ అంతా ఇవాళ సాఫ్ట్‌వేర్‌లోనే జరుగుతుంది, కోడింగ్ ఎలాగూ నేర్చుకోవాల్సి వస్తుంది.

లెక్కల కాగితం పక్కన పడేసి రంపం, రందా, జిగురుతోనే గడుపుతుంటే? అదీ తక్కువ పనేమీ కాదు. మీ పక్కనే ఉన్న తాళ్లరేవు, కోరంగిలకు ఒకసారి తీసుకెళ్లండి. ఒకప్పుడు ఓడలు కట్టిన ఊరు కోరంగి. తాళ్లరేవులో కొయ్య పడవలు కట్టే మేస్త్రులతో ఒక పూట గడిపితే, రోజంతా ఎండలో ఆ పని ఎలా ఉంటుందో తెలుస్తుంది. అక్కడా ఇప్పుడు ఫైబర్ పడవల జోరే ఎక్కువ. అందుకే చేతిపని ఇష్టపడే పిల్లలకు నేను ఫైబర్, కాంపోజిట్స్ (ఫైబర్‌ను రెసిన్‌తో కలిపి చేసే పదార్థాలు) వైపు చూడమంటాను. కేంద్ర ప్రభుత్వ ప్లాస్టిక్స్ శిక్షణ సంస్థ అయిన విజయవాడ సిపెట్‌లో ప్లాస్టిక్స్ డిప్లొమాలున్నాయి. గాలిమర రెక్కలకూ డ్రోన్లకూ కావాల్సింది ఇదే నైపుణ్యం.

ఇక డాబా సంగతి. ముందు మెట్ల మలుపు కొలవండి. రెండు పొట్టలూ విడివిడిగా దిగుతాయి, దూలాలను ఒడ్డున తాళ్లతో బిగించుకోవచ్చు. కానీ 14 అడుగుల పొట్ట మెట్ల దగ్గర తిరగకపోతే తాళ్లు కట్టి గోడ మీంచి దించాలి. ప్లైవుడ్ ఐఎస్ 710 (మెరైన్ ప్లైవుడ్ ప్రమాణం) మార్కు ఉన్నదే కొనండి. షాపులో ప్రతి షీటునూ తూకం వేయించండి. విదేశీ ప్లాన్లు చాలావరకు ఒకూమే లాంటి తేలికపాటి చెక్కను దృష్టిలో పెట్టుకుని గీసినవి. మన దగ్గర దొరికే గట్టి చెక్క ప్లైవుడ్ 6 మిల్లీమీటర్ల షీటుకు నాలుగు కిలోల దాకా ఎక్కువ తూగొచ్చు. ఎనిమిది షీట్లు పడితే 30 కిలోలు దాటినట్టే. ఆ పెయింటు గీత మునిగేది అక్కడే!

షీటు 8 అడుగులే కాబట్టి అతుకు తప్పదు. అంచులను మందానికి ఎనిమిది రెట్ల ఏటవాలుగా, అంటే 6 మిల్లీమీటర్లకు దాదాపు 5 సెంటీమీటర్లు చెక్కి, ఒకదానిపై ఒకటి అతికించాలి. ఫైబర్ షాపులో ‘రెసిన్’ అని అడిగితే పాలిస్టర్ ఇస్తారు. కొయ్య అతుకుకు అది పనికిరాదు, ఎపాక్సీ కావాలి. మే నెల ఎండలో ఎపాక్సీని కప్పులో ఎక్కువగా కలిపితే నిమిషాల్లో పొగలు కక్కి గట్టిపడుతుంది. తెల్లవారుజామున కొంచెం కొంచెం కలిపి, వెడల్పు పళ్లెంలో పోసుకోవాలి. గ్లౌజులు లేకుండా ముట్టుకోనివ్వకండి. ఒకసారి ఎలర్జీ మొదలైతే జీవితాంతం వదలకపోవచ్చు. సాండింగ్ చేసేటప్పుడు మంచి మాస్కు తప్పనిసరి.

జేమ్స్ వారమ్ గురించి మీవాడు చెప్పింది నిజమే. ఆ బ్రిటిష్ ఆయన 1954లో తన చేతులతో 23 అడుగుల కాటమరాన్ కట్టి, అందులోనే అట్లాంటిక్ దాటి ట్రినిడాడ్ చేరారు. ఆ తర్వాత ఇళ్లలో కట్టుకునేవాళ్ల కోసం ప్లాన్లు అమ్ముతూ బతికారు. కానీ ఇవాళ మన షిప్‌యార్డుల్లో డిజైన్ ఉద్యోగానికి డిగ్రీ అడుగుతారు. ఈ ఒక్కమాట మీరు చెబితే వినడు, విశాఖలో నేవల్ ఆర్కిటెక్చర్ చదివే సీనియర్ ఎవరితోనైనా చెప్పించండి.

చివరగా, పడవ కట్టడం వేరు, నడపడం వేరు. ఈత బాగా రావాలి. వీలైతే హైదరాబాద్ హుస్సేన్ సాగర్‌లోని సెయిలింగ్ క్లబ్బుల్లో తెరచాప పడవ నడపడం ముందే నేర్పించండి. మీ పడవ మొదటిసారి దిగేది సముద్రంలోకి కాదు, అలలు లేని చెరువులోకి. పొట్టల్లో నీరు చొరని గదులు ఉండాలి, ఒంటి మీద లైఫ్ జాకెట్ ఉండాలి, పక్కన మరో పడవలో పెద్దవాళ్లు ఉండాలి. కాటమరాన్ బోల్తా పడితే తలకిందులుగానే ఉండిపోతుంది, దాన్ని తిరిగి లేపడం కూడా ఆ చెరువులోనే ప్రాక్టీసు చేయాలి. సముద్రంలోకి వెళ్లే రోజు వస్తే మెరైన్ పోలీసులకు, పోర్టు అధికారులకు చెప్పి, అనుమతి తీసుకున్నాకే వెళ్లండి.