గది పెద్దగ కనిపించాలంటే ముందు నేల కనిపించాలె

ప్రశ్న: అక్కా, మాది హన్మకొండ నయీంనగర్ దగ్గర 130 గజాల ఇల్లు. హాలు, కిచెన్, రెండు బెడ్రూములు. పిల్లలు హైదరాబాద్‌ల సెటిలయిన్రు, మేం గూడ అటే పోదామని ఇల్లు అమ్మకానికి పెట్టినం. నాలుగు నెలలాయె, ఏడుగురు వచ్చి చూసిన్రు, అందరిది ఒకటే మాట, "రూములు ఇరుకున్నయ్" అని. హాలు 10 బై 14 ఉంటది, మరీ చిన్నదేం గాదు. పక్కింటోళ్లది ఇదే ప్లాను, అది మాత్రం అమ్ముడుపోయింది. మధ్యగోడ పడగొట్టి హాలు పెద్దగ చేద్దాం అంటున్నడు మా ఆయన. ఏం చేయమంటవ్?
- ఒక సోదరి, హన్మకొండ

జవాబు: చెల్లే, ముందుగాల ఆ గోడ జోలికి పోకుండ్రి. పాత ఇండ్లల్ల చానా వాటికి పిల్లర్లు ఉండయ్, స్లాబు బరువంతా గోడల మీదనే ఉంటది, ఇంజనీరుకు చూపియ్యకుండ ఒక్క ఇటుక గూడ తియ్యొద్దు. అసలు అంత ఖర్చు అక్కరనే లేదు.

నువ్వు ఒక పని చెయ్యి. చెప్పులు విప్పి బయట గడప కాడ నిలబడి, కొనేటోళ్ల లెక్క లోపలికి చూడు. నేల ఎంత కనబడుతున్నది? దివాన్, ఫైవ్ సీటర్ సోఫా, షోకేసు, దాని పక్కన ఫ్రిజ్జు, మూలకు రెండు బియ్యం బస్తాలు, ఇవే కనబడుతున్నయా? గది కొలత టేపుతోని తెలుస్తది గని మనిషి కంటికి మాత్రం ఖాళీగ ఉన్న నేలనే గది లెక్క. అందుకే గడప నుంచి వంటింటి దాక తిన్నగ 3 ఫీట్ల తొవ్వ ఖాళీ చెయ్యి, దేన్నీ తప్పుకొని నడిచే పని ఉండొద్దు. షోకేసు, ఒంటి కుర్చీలు, బస్తాలు తీసెయ్యి, తీసి ఇంకో బెడ్రూంల కుక్కొద్దు, కొనేటోళ్లు ప్రతి తలుపు తీసి చూస్తరు, బీరువా వెనక గూడ తొంగి చూస్తరు. చుట్టాలింటికి పంపు, లేకపోతే రెండు నెలలకు ఒక షట్టర్ కిరాయికి తీస్కో. బీరువా తలుపుకు ఎదురుంగ ఉంటే దాన్ని తలుపున్న గోడ పక్కకే జరుపు, లోపలికి రాంగనే మొకం మీద ఇనుప డబ్బా ఉన్నట్టు అనిపియ్యదు.

ఇగ వెలుతురు సంగతి. కాజీపేటల మా పిన్ని ఇల్లు అమ్మేటప్పుడు నేనే దగ్గరుండి సర్దిన. హాలు కిటికీల కూలర్ బిగించి, పక్కన మిగిలిన సందులల్ల అట్టముక్కలు, థర్మాకోల్ కుక్కి చుట్టూత బ్రౌన్ టేపు వేసి ఉన్నది, ఎండకాలం పోయి వానకాలం పోయి చలికాలం వచ్చినా అది అట్లనే. ఇద్దరం పట్టి దించినం, కిటికీ రెక్కలకు పట్టిన దుమ్ము తుడిచినం, ఊచలు తడిగుడ్డతోని కడిగినం. పొద్దుగాల పది గంటల ఎండ లోపలికి వచ్చి అవతలి గోడకున్న క్యాలెండర్ దాక పడ్డది. పిన్ని కొద్దిసేపు మాట్లాడలే. "ఇన్నేండ్లు ఈ మూలకు పగటిపూట గూడ ట్యూబులైటు వేస్కున్న బిడ్డా" అన్నది. మీ ఇంట్ల గూడ కూలర్ కిటికీల ఉంటే ఇయ్యాల్నే దించుండ్రి, నా మాట విను.

పరదాల రాడ్డు కిటికీ నెత్తిమీదనే ఉంటదా, దాన్ని స్లాబు దగ్గరి దాక పైకి జరిపిచ్చి రెండు దిక్కుల అరఫీటు ఎక్కువ పెట్టియ్యి, పరదా తీసినప్పుడు బట్ట గోడ మీద ఆగుతది, అద్దం మొత్తం ఖాళీగ ఉంటది, గోడ ఎత్తుగ అనిపిస్తది. రంగులు వెయ్యాల్సి వస్తే ఒక్కో రూంకు ఒక్కో రంగు వద్దు, అన్నిటికీ ఒకటే లేత రంగు, పైన తెలుపు. అయితే చెమ్మ ఉన్న గోడకు పుట్టీ కొట్టి దాచకు. రిపేరు చేయియ్యి, లేదంటే ఉన్నదున్నట్టు చెప్పు. ఇంకొకరు తమ కష్టార్జితం పెట్టి కొనే ఇల్లు అది, మొదటి వానకే వాళ్లకు ఏడుపు రావొద్దు.

మన వరంగల్ కొత్తవాడల నేసే దర్రీలు, 2018ల జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చినయ్ గద, ఇంట్ల ఉంటే ఒకటి టీపాయ్ కింద వెయ్యి, గీతలు గది పొడుగు దిక్కే పోయేటట్టు, గది గూడ పొడుగ్గ అనిపిస్తది. చిన్న చిన్న చాపలు నాలుగైదు పరిస్తే మాత్రం నేల ముక్కలు ముక్కలైతది.

అత్తమామల దండేసిన ఫోటోలు హాలుల ఉంటే పూజగదిలకు మార్చుకో. తియ్యాలంటే మనసు ఎంత పీక్తదో నాకు తెల్సు, మా పిన్ని ఆ ఒక్క పనికి రెండు రోజులు టైం అడిగింది. గని వచ్చినోళ్లు ఆ గోడ మీద తమ పెద్దల ఫోటో ఎక్కడ పెట్టాల్నో ఊహించుకోవాలె గద.

ప్రశ్న: మేడం, హన్మకొండ సుబేదారిల మా ఫ్లాటు మొత్తం ఖాళీ చేసి కరీంనగర్ వచ్చేసినం. ఖాళీగ ఉన్నా గూడ చిన్నగనే ఉందంటున్నరు, ఫోటోలల్ల ఇంకా చిన్నగ పడుతున్నది. ఎందుకట్ల?
- ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ఉత్త గదిల కంటికి కొలత దొరకది తమ్మీ. 10 బై 10 గది ఖాళీగ చూస్తే "ఇండ్ల మంచం పడుతదా" అని డౌటొస్తది. 6 ఫీట్ల డబుల్ కాట్ మధ్యల వేసి చూపిస్తే అటు 2, ఇటు 2 ఫీట్లు నడిచే జాగ కండ్ల ముందట ఉంటది. ఒక మంచం, హాలుల రెండు కుర్చీలు, అంతే, కిరాయికైనా తెచ్చి వెయ్యి. ఫోటోలు పొద్దుగాల తియ్యి, పరదాలు, కిటికీలు తెరిచి, తలుపు మూలకు నిలబడి, ఫోన్ ఛాతీ ఎత్తుల తిన్నగ పట్టుకో. 0.5 వైడ్ పెట్టి సాగదియ్యకు, అది చూసి కరీంనగర్ నుంచో జనగామ నుంచో బస్సెక్కి వచ్చినోళ్లు గడప కాడనే మొకం చిన్నబుచ్చుకుంటరు. ప్రతి ఫోటో కింద ఆ గది పొడుగు వెడల్పు ఫీట్లల్ల రాసి పెట్టు.