పేలు పోయినట్టే పోయి మళ్లీ వస్తున్నాయి, ఏం చేయాలి?

ప్రశ్న: మా పాపకి ఎనిమిదేళ్లు. ఒత్తైన జుట్టు, నడుం దాకా జడ. తలలో పేలు పడి చాలా కాలమైంది. పేల మందు తెచ్చి పెడతాను, ఆ రోజు బోలెడు చచ్చి రాలతాయి, హమ్మయ్య అనుకుంటాను, పది రోజులు తిరిగేసరికి మళ్లీ తల గోక్కోవడం మొదలు. పక్కబట్టలు ఉతకడం, దిండ్లు ఎండలో వేయడం, ఇల్లంతా కడగడం, ఇదే పని అయిపోయింది. గుండు చేయించెయ్యమని మా అత్తగారు అంటున్నారు, పాప ఆ మాట వింటేనే ఏడుస్తోంది. స్కూల్లో పక్కన ఎవరూ కూర్చోవడం లేదట. నేను బిడ్డని శుభ్రంగా ఉంచడం లేదని అందరూ అనుకుంటున్నారేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: గుండు అక్కర్లేదమ్మా. ఆ మాట ఇవాళే పాపకి చెప్పేయండి, ముందు ఆ భయం పోనివ్వండి. జుట్టు ఉంచుకునే పేలు పూర్తిగా వదిలించవచ్చు. కాస్త ఓపిక కావాలి, అంతకంటే ముఖ్యంగా తేదీలు గుర్తుపెట్టుకోవాలి.

మీ ఉత్తరంలోనే అసలు సంగతి ఉంది. పది రోజులు తిరిగేసరికి మళ్లీ మొదలవుతోందని రాశారు చూడండి, అవి ఎక్కడి నుంచో కొత్తగా వచ్చిన పేలు కాకపోవచ్చు. మీరు మందు పెట్టిన రోజున పాప తలలోనే ఈపులుగా ఉన్నవి అయ్యుంటాయి. సాధారణంగా దొరికే పేల మందులు పాకే పేలని చంపుతాయి గానీ ఈపుల్ని అన్నింటినీ చంపలేవు. ఈపి పొదగడానికి 7 నుంచి 10 రోజులు పడుతుంది. అందులోంచి వచ్చిన పిల్ల పేను మరో 9 నుంచి 12 రోజుల్లో పెద్దదై తనూ గుడ్లు పెట్టడం మొదలుపెడుతుంది, ఒక్కో ఆడ పేను రోజుకి 8 వరకు పెట్టగలదు. అంటే మొదటిసారి మందు పెట్టాక మీకు దొరికే సమయం చాలా చిన్నది: ఈపులు దాదాపు అన్నీ పొదిగేసి ఉండాలి, కానీ ఆ పిల్లలేవీ ఇంకా గుడ్లు పెట్టే వయసుకి రాకూడదు. అందుకే రెండోసారి మందు సుమారు తొమ్మిదో రోజున పెట్టాలి. మూడో రోజున పెడితే ఈపులు అలాగే మిగిలిపోతాయి, మూడు వారాలు ఆగితే ఈలోపు అవి గుడ్లు పెట్టేసి ఉంటాయి. చాలా ఇళ్లలో మొదటి మందుకే తల తేలికపడి, రెండోది పెట్టకుండా వదిలేస్తారు. మళ్లీ గోకుడు మొదలయ్యాక పెట్టే మందు రెండోసారి కిందకి రాదు, అప్పటికి లెక్క మళ్లీ మొదటికొచ్చినట్టే. మందు డబ్బా మీద వేరే గడువు రాసి ఉంటే మాత్రం దాన్నే పాటించండి, ఒక్కో మందు తీరు ఒక్కోలా ఉంటుంది.

ఇక మందు పెట్టే పద్ధతి. ఎక్కువగా వాడేది 1 శాతం పెర్మెత్రిన్. దీన్ని పెట్టే ముందు మామూలు షాంపూతో తలస్నానం చేయించాలి, కండిషనర్ వాడకూడదు, కండిషనర్ కలిపిన షాంపూ కూడా వద్దు. అది వెంట్రుకకి పూతలా అంటుకుని మందుని దగ్గరికి రానివ్వదు. తలకి నూనె ఉంటే అది కూడా ముందే పోవాలి. తర్వాత తువ్వాలుతో తుడిచి, నీళ్లు కారకుండా కొద్దిగా తడిగా ఉన్నప్పుడు మందు పట్టించాలి, 10 నిమిషాలు ఉంచి కడిగేయాలి. కడిగేటప్పుడు పాపని ముందుకి వంచి తల మాత్రమే కడిగితే మందు ఒంటి మీదుగా కారదు, కళ్ల మీద గుడ్డ అడ్డం పెట్టుకోమనండి. ఆ తర్వాత ఒకటి రెండు రోజులు షాంపూ పెట్టకండి. మీ పాపకి నడుం దాకా జుట్టు అన్నారు కదా, పొట్టి జుట్టుకి సరిపోయే మందు ఆ జుట్టుకి చాలదు. పైపైన రాస్తే మెడ వెనకా చెవుల వెనకా తడవకుండా ఉండిపోతుంది, పేలు ఎక్కువగా ఉండేదేమో అక్కడే.

పెట్టిన 8 నుంచి 12 గంటల తర్వాత దువ్వి చూడండి. కొన్ని బతికి ఉన్నా మెల్లగా, మత్తుగా కదులుతుంటే మందు పనిచేస్తున్నట్టే. తొందరపడి మళ్లీ పెట్టకండి, దువ్వి తీసేయండి చాలు. అలా కాకుండా చచ్చినవి ఒక్కటీ కనపడక, ఉన్నవి ముందులాగే చురుగ్గా పరిగెడుతుంటే ఆ మందుకి అవి లొంగడం లేదని అర్థం. పెర్మెత్రిన్‌కి పేలు అలవాటుపడటం చాలా దేశాల్లో జరిగింది. అప్పుడు అదే మందు రెట్టింపు పెట్టడం, రాత్రంతా ఉంచేయడం వల్ల లాభం లేదు, పిల్ల తల మండటం తప్ప. మందు మార్చాలి. డైమెథికోన్ అని ఒకటి ఉంది, అది విషంలా పనిచేసేది కాదు, పేనుని చుట్టూ పూతలా కప్పేసి చంపుతుంది కాబట్టి పాత మందులకి లొంగనివి కూడా దీనికి లొంగుతాయి. ఐవర్‌మెక్టిన్ లోషన్ కూడా ఉంది. దాని మాత్రలు మాత్రం పిల్లల డాక్టర్ బరువు చూసి రాస్తేనే వాడాలి, 15 కిలోల లోపు పిల్లలకి వాటిని సాధారణంగా ఇవ్వరు. లిండేన్ అనే పాత మందు ఎవరైనా ఇస్తే తీసుకోకండి, పిల్లల నరాల మీద దాని ప్రభావం ప్రమాదకరం.

మందు ఏదైనా దువ్వెన లేకుండా ఈ పని పూర్తికాదు. నన్నడిగితే ఈ రెండింట్లో నేను ఎక్కువ నమ్మేది దువ్వెననే. పళ్లు బాగా దగ్గరగా ఉన్న పేల దువ్వెన, వీలైతే స్టీలుది తీసుకోండి, ప్లాస్టిక్ పళ్లు వంగిపోయి ఈపుల్ని జారవిడుస్తాయి. ఈ పనికి మాత్రం కండిషనర్ మంచిది (మందు పెట్టే రోజు కాదు, మిగతా రోజుల్లో). తడి జుట్టుకి బాగా పట్టిస్తే పేలు పరిగెత్తలేవు, చిక్కులూ ఉండవు. ముందు మామూలు దువ్వెనతో చిక్కు తీసి, వెలుతురు బాగా ఉన్నచోట పాపని కూర్చోబెట్టి, జుట్టుని సన్నసన్న పాయలుగా విడదీసి, పేల దువ్వెన పళ్లు మాడుకి తగిలేలా ఆనించి అక్కడి నుంచి చివరి దాకా ఒకే ఊపులో లాగండి. లాగిన ప్రతిసారీ తెల్లగుడ్డకి తుడిచి చూడండి. నువ్వు గింజంత ఉండి కాళ్లు ఆడిస్తున్నది పెద్ద పేను. కంటికి ఆనీ ఆననట్టు పాలిపోయి ఉన్నది నిన్నో మొన్నో పొదిగిన పిల్ల. గుడ్డ మీద పిల్లలే కనపడి పెద్దవి లేకపోతే అవి మిగిలిన ఈపుల నుంచి వచ్చినవి, మీరు దారిలోనే ఉన్నారు. మందు పెట్టి వారం కాకముందే పెద్దవి కనపడితే మందు పనిచేయలేదు, లేదంటే ఇంకెవరి తల నుంచో ఎక్కాయి. ఇలా మూడు నాలుగు రోజులకోసారి కనీసం రెండు వారాలు చేయండి. చివరి పేను కనపడ్డాక వరసగా మూడు నాలుగు సార్లు దువ్వినా గుడ్డ శుభ్రంగా ఉంటేనే అయిపోయిందనుకోండి. నడుం దాకా జుట్టంటే గంట పట్టొచ్చు, పాప చేతికి ఏదైనా పుస్తకం ఇచ్చి కూర్చోబెట్టండి.

మొదలుపెట్టిన రోజునే ఇంట్లో అందరి తలలూ ఇలాగే దువ్వి చూడాలి, మీదీ, మీ అత్తగారిదీ, పాప పక్కన పడుకునేవాళ్లదీ. దురద లేదు కదా అని ఎవరినీ వదలకండి, మొదటిసారి పేలు పడినవాళ్లకి దురద మొదలవడానికే 4 నుంచి 6 వారాలు పట్టొచ్చు. దురద పేను లాలాజలం పడకపోవడం వల్ల వచ్చేది, అది పుట్టడానికి టైమ్ పడుతుంది, పేలు పోయాక తగ్గడానికీ టైమ్ పడుతుంది. కాబట్టి పాప గోక్కుంటోందని మందు పెట్టేయకండి, బతికి ఉన్న పేను కనపడితేనే పెట్టండి. బతికి ఉన్నవి దొరికినవాళ్లందరికీ ఒకే రోజున మందు పడాలి.

బట్టలు ఉతకడం చాలావరకు మానేయవచ్చు. తల దాటి బయటపడ్డ పేను ఒకటి రెండు రోజుల్లో చచ్చిపోతుంది, దానికి రోజూ రక్తం కావాలి. మందు పెట్టిన రోజుకి ముందు రెండు రోజుల్లో పాప వాడిన దిండు గలీబులు, దుప్పటి, తువ్వాలు, టోపీ, వీటిని వేడినీళ్లలో ఉతికితే చాలు. దువ్వెనల్ని బాగా వేడిగా ఉన్న నీళ్లలో 10 నిమిషాలు ఉంచండి. ఉతకడానికి వీల్లేని బొమ్మలుంటే ప్లాస్టిక్ సంచిలో కట్టి రెండు వారాలు పక్కన పెట్టేయండి. ఇల్లు కడగడానికి పడే కష్టంలో సగం దువ్వెన మీద పెడితే చాలు. పురుగుల మందు ఇంట్లో స్ప్రే చేయడం మాత్రం అస్సలు వద్దు, దాన్ని పీల్చేది పిల్లలే.

చివరగా మీ టెన్షన్ గురించి. పేలకి శుభ్రమైన తల, మురికి తల అన్న తేడా లేదు. అవి ఎగరలేవు, దూకలేవు, ఒక తల ఇంకో తలకి ఆనినప్పుడు వెంట్రుక పట్టుకుని పాకుతాయి, అంతే. పిల్లలు తలలు దగ్గర పెట్టుకుని ఆడుకుంటారు కాబట్టి పిల్లలకే ఎక్కువ. మనిషికి ఇది ఎంత పాత బాధంటే, ఇజ్రాయెల్‌లోని లాకీష్ తవ్వకాల్లో సుమారు 3,700 ఏళ్ల నాటి చిన్న ఏనుగు దంతపు దువ్వెన దొరికింది, దాని మీద తలలోని, గడ్డంలోని పేలను ఈ దంతం ఏరెయ్యాలని కోరుకునే వాక్యం చెక్కి ఉందని 2022లో పరిశోధకులు ప్రకటించారు, దాని పళ్ల మధ్య పేను అవశేషం కూడా కనపడింది. దంతపు దువ్వెన ఉన్న ఇల్లు అప్పట్లో కలిగినవాళ్లదే అయ్యుంటుంది, వాళ్లకీ తప్పలేదు. మీ తప్పేమీ లేదమ్మా, పాప తప్పు అసలే లేదు.

ప్రశ్న: తలలో తెల్లగా కనపడేవి ఈపులో చుండ్రో ఎలా తెలుస్తుంది? పేలు పోయాక కూడా తెల్లగా ఉన్నాయి.

జవాబు: వేలితో తోసి చూడండి. చుండ్రు రాలిపోతుంది, ఈపి వెంట్రుకకి ఒక పక్కన జిగురుతో అతుక్కుని కదలదు, గోళ్ల మధ్య పట్టి లాగాల్సిందే. మాడు దగ్గర, అర సెంటీమీటరు లోపల ఉంటే అందులో ప్రాణం ఉండొచ్చు. జుట్టు నెలకి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది, కాబట్టి అంతకంటే దూరంగా ఉన్నవి దాదాపు అన్నీ ఎప్పుడో పొదిగేసిన ఖాళీ పెంకులే. చూడటానికి బాగుండదనుకుంటే తీసేయండి, వాటికోసం మళ్లీ మందు పెట్టక్కర్లేదు.

ప్రశ్న: మా బాబుకి నెలన్నర. అక్కకి పేలున్నాయి, వాడికీ ఎక్కాయి. పెద్దపిల్లకి కిరోసిన్ రాయమని ఒకరు చెప్పారు, బాబుకి ఏం చేయాలి?

జవాబు: కిరోసిన్ ఎవరికీ వద్దు, పెద్దపిల్లకీ వద్దు. దయచేసి ఆ సీసా తల దగ్గరికి తీసుకురాకండి. చర్మం కాలినట్టు బొబ్బలెక్కుతుంది, ఆ ఆవిరి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, దగ్గర్లో నిప్పురవ్వ ఉంటే జరిగేది తలుచుకోవడానికే భయం. పొలానికి కొట్టే మందులు, పెంపుడు జంతువులకి వాడే మందులు కూడా అంతే. రెండు నెలలు నిండని బిడ్డకి పెర్మెత్రిన్ కూడా వాడరు. వాడి జుట్టు పలచగానే ఉంటుంది కాబట్టి చేత్తో, దువ్వెనతో ఏరెయ్యడమే సరైన వైద్యం, రోజూ పాలు తాగి నిద్రపోయాక వెలుతురులో చూడండి. అక్కకి ఈ వారమే మొదలుపెట్టండి, లేకపోతే ఎంత ఏరినా మళ్లీ ఎక్కుతాయి. ఇద్దరిలో ఎవరికైనా మాడు మీద పుండ్లు పడి చీము కారుతున్నా, మెడ వెనక బిళ్లలు కట్టినా, జ్వరం వచ్చినా ఆగకుండా డాక్టర్‌కి చూపించండి, గోకిన చోట ఇన్‌ఫెక్షన్ అయి ఉంటుంది.

ప్రశ్న: నేను టీచర్‌ని. క్లాసులో ఒక అమ్మాయికి పేలు కనపడ్డాయి. పోయేదాకా స్కూలుకి రావద్దని చెప్పాలా?

జవాబు: చెప్పకండి. మీరు చూసే రోజుకి ఆ పాప తలలో పేలు పడి నెల దాటి ఉండొచ్చు, ఇవాళ ఒక్కరోజు పంపించేస్తే ఆగేదేమీ లేదు. అమెరికాలోని పిల్లల వైద్యుల సంఘం కూడా పేలున్నాయనో ఈపులున్నాయనో పిల్లల్ని స్కూలు మాన్పించకూడదనే చెబుతోంది. మిగతా రోజంతా క్లాసులోనే ఉండనివ్వండి, సాయంత్రం వాళ్లింట్లోవాళ్లకి విడిగా, నెమ్మదిగా చెప్పండి. ఆ పాపని ఒంటరిగా కూర్చోబెట్టకండి, పిల్లలు అలాంటివి చాలా ఏళ్లు మరిచిపోరు. జుట్టు పొడవుగా ఉన్నవాళ్లని జడ వేసుకుని రమ్మనండి, దువ్వెనలూ క్లిప్పులూ ఒకరివి ఒకరు వాడొద్దని అందరికీ కలిపి చెప్పండి. ఆ పాప పేరు రాయకుండా క్లాసులో అందరి తల్లిదండ్రులకీ ఒక చీటీ పంపండి: ఈ శనివారం మీ పిల్లల తల దువ్వి చూడండి, పేలు కనపడితే అదే రోజు మందు పెట్టండి, తొమ్మిదో రోజున మళ్లీ పెట్టండి అని. అందరి ఇళ్లలో ఒకే రోజు చూస్తే, ఒకరి తలలో పోయినవి ఇంకొకరి తల నుంచి మళ్లీ ఎక్కే అవకాశం బాగా తగ్గుతుంది. ఆ తొమ్మిదో రోజు ఏ తేదీ అవుతుందో కూడా చీటీలోనే రాసేయండి.