శ్లాబుకు వెల్డెడ్ మెష్: కొనేముందు లెక్క చూసుకోండి

ప్రశ్న: మా హాలు 3 మీటర్ల వెడల్పు, 7 మీటర్ల పొడవు. శ్లాబు మందం 125 మి.మీ. ఇంజనీరు పొట్టివైపు 8 మి.మీ. ఊచలు 150 మి.మీ. ఎడంతో వేయమన్నారు. రెండువైపులా అదే కొలత ఉన్న వెల్డెడ్ మెష్ (తీగలను గడులుగా వెల్డింగ్ చేసిన షీటు) తీసుకుంటే ఇనుము ఆదా అవుతుందని షాపులో చెబుతున్నారు. నిజమేనా?

జవాబు: ఆ మెష్‌తో ఆదా కాదు, దండగ. పొడవు వెడల్పుకు రెట్టింపు దాటింది కాబట్టి బరువు దాదాపు అంతా 3 మీటర్ల వైపే మోయాలి. అటు మీటరు వెడల్పుకు 335 చ.మి.మీ. ఇనుము పడుతుంది. పొడుగువైపు డిస్ట్రిబ్యూషన్ ఇనుమే (బరువును పంచి, పగుళ్లను ఆపేది) కదా, మన కాంక్రీటు కోడ్ ఐఎస్ 456 ప్రకారం శ్లాబు మందంలో 0.12 శాతం, అంటే 150 చ.మి.మీ. చాలు. అటు 6 మి.మీ. తీగ 150 ఎడంతో వేసినా 188 వస్తుంది. షాపు మెష్ చదరపు మీటరుకు 5.27 కిలోలు, పొడుగువైపు 6 మి.మీ. తీగ ఉన్న మెష్ 4.11. మీ హాలుకు 24 కిలోల పైనే తేడా.

'మెష్ తీగకు బలం ఎక్కువ' అన్న మాట 415 గ్రేడు ఊచల రోజుల్లో చెల్లింది. ఈ గ్రేడు అంకె చ.మి.మీ.కు ఎన్ని న్యూటన్ల బలమో చెబుతుంది. సాదా మెష్ తీగకు లెక్కలో తీసుకునేది 480. ఇప్పటి టీఎంటీ ఊచలకు 500.

షీటును పొట్టివైపు గోడల మీద ఆనే భాగంతో సహా ఒకే ముక్కగా చేయించండి. అతుకులు పొడుగువైపే రావాలి. ఒక్కో అతుక్కి ఒక గడి, పైన 100, మొత్తం 250 మి.మీ. పోతుంది. అందుకే షీట్లు ఎంత తక్కువైతే అంత మంచిది.

అసలు భయం పరిచేటప్పుడు. షీటు ఇంచుమించు చదరంగా ఉంటే పనివాళ్లు అడ్డం తిప్పి వేసేస్తారు. అప్పుడు 335 ఉండాల్సిన చోట 188 మిగులుతుంది. లావు తీగల కొసలకు ముందే రంగు పూయించండి. అవి పొట్టివైపు, అడుగున, 20 మి.మీ. కవర్ బ్లాకుల (ఇనుమును సెంట్రింగుకు అంటకుండా ఎత్తిపట్టే చిన్న దిమ్మల) మీద కూర్చోవాలి.

ప్రశ్న: నడిమి గోడ మీది పై మెష్ కాంక్రీటు పోసేటప్పుడు తొక్కుడుకి దిగిపోతోంది. పర్వాలేదా?

జవాబు: పర్వాలేదనుకోకండి. 125 మి.మీ. శ్లాబులో పై మెష్‌కు పనికొచ్చే లోతు (శ్లాబు అడుగు నుంచి తీగ మధ్య వరకు) 101 మి.మీ. అది 25 మి.మీ. దిగితే 76 అవుతుంది. గోడ మీద శ్లాబు బలంలో దాదాపు పావు వంతు పోయినట్టే, పైన గోడ వెంబడి పగులు తేలుతుంది. మీటరుకో ఇనుప కుర్చీ (పై మెష్‌ను ఎత్తిపట్టేలా వంచిన ఊచ) పెట్టి బైండింగ్ వైరుతో కట్టించండి. నడవడానికి పలకలు విడిగా వేయించండి. ఫ్యాన్ బాక్సు కోసం తీగ కోస్తే, కోసినంత ఇనుము రెండు పక్కలా అదనంగా కట్టాలి.